చెవి ముట్టుకుంటేనే మాట

మొన్న పులివెందులలో నాటక పోటీలు పెట్టినవాళ్ళు నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. పల్చటి శాలువా, చలికి ఆగదు. ఇంటికొచ్చాక రెండుగా కత్తిరించి కిటికీలకు కట్టాను. పనిచేసినన్నాళ్ళూ తెర వెనక ఉన్నదాన్ని. దీపాల ఎదురుగా నిలబెడితే కాళ్ళు ఒకచోట ఆగలేదు, ఎప్పుడు దిగుదామా అనిపించింది. దిగుతుండగా ఒక కాలేజీ పిల్ల అడ్డం వచ్చింది. పేరు హరిత.

"అవ్వా, మా నాటకంలో నాకు ప్రాంప్టింగ్ పని ఇచ్చినారు. పక్కన నిలబడి పుస్తకం చదివేదే గదా? దాంట్లో ఏముండాది?"

"ఏమీ లేకపోతే నీకెందుకు ఇచ్చినారు? ఫోనులో పెట్టుకోండి, అదే చదువుతాది" అన్నాను.

పిల్ల మొహం చిన్నబోయింది. "కోప్పడొద్దవ్వా. ఎట్ల చెయ్యాల్నో చెప్పు."

బస్టాండు దాకా నా వెంటే వచ్చింది. రెండు ముక్కల్లో చెబుదామని చూశాను. రాలేదు. నలభై ఏళ్ళు అందరి నోటికీ మాట అందించినదాన్ని, నా వంతు వచ్చేసరికి నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఇంతలో ప్రొద్దుటూరు బస్సు వచ్చింది, ఎక్కాను. వేముల దాటేదాకా కుదురుగా కూర్చోలేకపోయాను. దిగి వెనక్కి పోయి ఆ పిల్లను పట్టుకుందామా అని ఒకసారి, పోతే మాత్రం ఏం చెబుతానని ఒకసారి.

అందుకే రాస్తున్నాను. నేను వేముల బడిలో ఐదో తరగతి వరకు చదివినదాన్ని. అక్షరాలు మాత్రం గుండ్రంగా ఉంటాయి, ఆ గుండ్రమే నాకు అన్నం పెట్టింది. కాగితాలు కొనలేదు. నిఖిలప్ప సర్పంచిగా నిలబడినప్పుడు అచ్చు వేయించిన కరపత్రాలు ఒక కట్ట అటక మీద మిగిలింది. ఒక వైపే అచ్చు. ఈ వైపు నేను రాస్తుంటే ఆ వైపు ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెడుతూ ఉంటాడు. రాయాల్సింది కూడా ఎక్కువగా ఆయన గురించే. కానీ ముందు పని సంగతి చెప్పాలి. అది తెలియకుండా ఆయన సంగతి అర్థం కాదు.

పక్క తెర వెనక

నాటకంలో నటుడు మాట మర్చిపోతే, పక్క తెర వెనక నిలబడి, జనానికి వినపడకుండా అతనికి మాత్రం వినపడేటట్టు ఆ మాట అందించేవాళ్ళను ప్రాంప్టరంటారు. మా ఆయన నాటక సమాజంలో హార్మోనియం వాయించేవాడు. నేను వంటకూ, దుస్తులు ఉతకడానికీ వెంట పోయేదాన్ని. పాత ప్రాంప్టరుకు చూపు తగ్గిపోయింది. మేనేజరు నాగయ్య ఒకరోజు నేను రాసుకున్న సరుకుల చీటీ చూసి, "ఈ అక్షరాలు ఎవరివి?" అని అడిగాడు. ఆ సాయంత్రమే నన్ను పుస్తకమిచ్చి నిలబెట్టాడు. ఎవరూ పని నేర్పలేదు.

నేను సొంతంగా నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. గాజులు తీసెయ్యాలి, తీయడానికి మనసు రాకపోతే గుడ్డ చుట్టుకోవాలి. గల్లుమంటే ముందు వరుసకు వినపడుతుంది. నోట్లో వక్కాకు ఉండకూడదు. వాక్యమంతా చదవకూడదు. మొదటి రెండు మాటలు చాలు, మిగతాది మనిషి నోటికి అదే వస్తుంది. నీకు ఆ మాట నచ్చినా నచ్చకపోయినా పుస్తకంలో ఉన్నదే అందించాలి. బాగుచేయకూడదు. నీ సొంత మాట ఇంకొకరి నోట్లో పెట్టే హక్కు నీకు లేదు.

అన్నిటికంటే పెద్దది: పుస్తకాన్ని కాదు, మనిషిని చూడాలి. వేలు పుస్తకం మీద, కళ్ళు మనిషి మీద. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను.

జమ్మలమడుగులో చేసిన తప్పు

కొత్తలో జమ్మలమడుగులో ఆట. జైలు నుంచి తిరిగొచ్చిన తండ్రి తన ఇంటికి తాళం చూసి నిలబడతాడు. ఆ వేషం రంగయ్యది, పేరున్న నటుడు. వచ్చాడు, తాళం చూశాడు, ఊరికే నిలబడ్డాడు. నేను పుస్తకం చూశాను. తర్వాతి మాట "తాళం ఎవరేసినారు?" అని ఉంది. మనిషి పలకడం లేదు. మర్చిపోయాడనుకుని అందించాను. పలకలేదు. ఇంకొంచెం గట్టిగా అందించాను. అప్పటికీ పలకలేదు. మూడోసారి అరిచినంత పని చేశాను.

"తాళం ఎవరేసినారు?"

జనంలో నుంచి ఎవరో, "మేమెయ్యలేదు తల్లీ!" అన్నారు. ఇక నవ్వులే నవ్వులు. రంగయ్య ఆ రోజు మళ్ళీ కోలుకోలేదు.

నాగయ్య మంచివాడని నేను అనను. మెచ్చుకోవడానికి నోరు రాని మనిషి. ఎవరికి జ్వరమొచ్చినా ముందు వేషం ఎవరు కడతారని అడిగేవాడు. కానీ ఆ రోజు తిట్టకుండా ఒక మాట చెప్పాడు.

"ఓబులమ్మా, ఆయప్ప మర్చిపోల్యా. ఊరికే ఉండాడు. అట్ల ఊరికే నిలబడేదానికి ఆయప్పకు ఇరవై ఏండ్లు పట్టింది. నువ్వు ఒక్క కూతతో కూల్చినావు."

"మర్చిపోయిందేదో, ఊరికే ఉండేదేదో నాకెట్ల తెలుస్తాదన్నా?"

"అది తెల్సుకునేదే నీ పని. చదివేది యాడైనా ఎవురైనా చదువుతారు."

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు నటులందరినీ కూర్చోబెట్టి ఒక కట్టుబాటు పెట్టాను. మాట మర్చిపోయినవాళ్ళు ఎడమ చెవి ముట్టుకోవాలి. ముట్టుకుంటేనే నేను అందిస్తాను. లేకపోతే ఆకాశం విరిగి పడినా నోరు తెరవను. రంగయ్య, "నాకేం చెవిపోటా?" అని ఎగతాళి చేశాడు. నెల తిరక్కముందే ఆయనే ముందు ముట్టుకున్నాడు. ఆ తర్వాత మా నాటకాలు చూసినవాళ్ళు, మా నటులకు చెవులు ఊరికే దురద పెడతాయని చెప్పుకునేవాళ్ళు.

నిఖిలప్ప

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వెనక సందుల్లో బెంగాలీలు కూర్చుని నగలు చేస్తారు. కింద చాప, ముందు పొట్టి బల్ల, నోట్లో ఊదుగొట్టం, దాని ముందు మంట. నిఖిల్ పదిహేనేళ్ళప్పుడు మామ వెంట ఆ సందులోకి వచ్చాడు. వాళ్ళది బెంగాల్లో ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు పండించే ఊరు. ఇక్కడివాళ్ళు నిఖిలప్ప అని పిలిచారు, అదే స్థిరపడింది.

ఒక మధ్యాహ్నం మా ఇంటి మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో నగలు చుట్టే గులాబీ రంగు కాగితాలు, వాటి నిండా రాత.

"దిదీ, నేను నాటకం రాసినా. నుబ్బు చూడాల" అన్నాడు. దిది అంటే వాళ్ళ భాషలో అక్క. వాళ్ళ నోట్లో 'వ' పలకదు, అంతా 'బ'.

చూశాను. ఒక్క అక్షరం తెలియలేదు. "ఇది ఏ భాషప్పా?"

"తెలుగే దిదీ. అక్షరాలు మాబి."

మాటలు తెలుగు, లిపి బెంగాలీ. తెలుగు చెవితో నేర్చుకున్నాడు, టీ అంగడిలో, పనిలో, తిట్లతో సహా. చదవడం రాదు. "మా ఊర్లో జాత్రా కడతారు. చిన్నప్పటి నుంచి చూసినా" అన్నాడు.

"జాతర కట్టేదేంది? జాతర చేస్తారు."

"కాదు దిదీ, జాత్రా! మూడు పక్కలా జనం, మధ్యలో ఆట."

వాళ్ళ ఊరి నాటకాన్ని జాత్రా అంటారని తెలియడానికి అరగంట పట్టింది. అంత సేపు మేమిద్దరం వేరే వేరే విషయాలు మాట్లాడుకుంటూ ఒకరి మీద ఒకరు విసుక్కున్నాం.

ఆ రోజు నుంచి పని ముగిశాక వచ్చి మెట్ల మీద కూర్చుని చెప్పేవాడు, నేను తెలుగులో రాసేదాన్ని. నా రాతలో పెట్టిన మొదటి నాటకం, మేముండే కాలనీ గురించి. అది ఊరి బయట పంచాయతీలో ఉంది, పేరు రాయను. కూలీలు, అద్దె తక్కువని బెంగాలీలు, మాలాంటివాళ్ళు. వీధికొక కొళాయి పాతి ఉండేది, చుక్క నీళ్ళు రావు. అందరం దూరం బోరు నుంచి మోసుకునేవాళ్ళం. నా ఎడమ నడుము ఇప్పటికీ వంకరగా ఉండేది ఆ మోతకే.

నాటకంలో ఒక తల్లి, "ఈ ఏడు గూడా వాన లేదు" అంటుంది. నిఖిలప్ప "బాన లేదు" అని చెప్పాడు. బాన అంటే మనకు నీళ్ళు పోసుకునే పెద్ద పాత్ర. నేను "బాన లేదు" అనే రాశాను. రిహార్సల్సుకు ఆయన పనిలో ఉండి రాలేదు. పులివెందులలో మొదటి ఆట. తల్లి వేషం వేసిన సుభద్ర ఆ మాట అని, పొయ్యి పక్క ఖాళీ మూలకేసి చూసింది. తిండికి లేక బాన కూడా అమ్ముకున్నారని జనానికి అర్థమైంది. చప్పుడు లేదు. నేను పుస్తకం మీద వేలు అట్లాగే పెట్టి నిలబడిపోయాను. అంతలో నిఖిలప్ప నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"దిదీ! బాన కాదు, బాన!"

"అదే గదా చెప్పింది, బాన."

"అయ్యో దిదీ, ఆ బాన కాదు, పైనుంచి పడే బాన!"

నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆట అయ్యాక ఒక ముసలమ్మ ఇంటికి పోయి సొంత బాన నెత్తిన పెట్టుకొచ్చింది. సుభద్ర ముందు దించి, "మాకు రెండుండాయి, ఇది పెట్టుకో మ్మే. ఏడవగాకు" అంది. నాటకమని ఎంత చెప్పినా వినలేదు. ఆ బాన ఇప్పటికీ నా దగ్గరుంది. నాటకం పేరు కూడా 'బాన' అయింది.

జనం చప్పట్లు కొట్టే మాట మాత్రం చివర వస్తుంది. అధికారి వచ్చి కాలనీకి ఏం కావాలని అడుగుతాడు. తల్లి అంటుంది: "కొళాయి వచ్చింది. నీళ్ళు రాలేదు." అంతే మాట. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, చిలమకూరు, ఎక్కడ ఆడినా ఆ మాట దగ్గర ఆట కొంచెం సేపు ఆగాల్సిందే. ఏళ్ళ తరబడి ఆడాం. సుభద్రకు ఒంట్లో బాగాలేని రోజు నిఖిలప్పే చీర కట్టి ఆ వేషం వేసేవాడు. ఆ మాటను నేను ఎన్నిసార్లు అందించి ఉంటానో నాకే తెలియదు. సుభద్రకు అవసరం లేదు కానీ నిఖిలప్ప ప్రతిసారీ "కొళాయి బచ్చింది" అని ఆగి చెవి ముట్టుకునేవాడు. మర్చిపోయి కాదు, భయానికి. నేను "నీళ్ళు రాలేదు" అనేదాన్ని, ఆయన అనేవాడు.

సర్పంచి

ఆ నాటకం చూసి మా వైపు రాజకీయం నడిపే పెద్దాయన ఒకరు నిఖిలప్పను పిలిపించారు. పెద్దాయన అని రాస్తే చాలు. పంచాయతీ ఎన్నికల్లో సర్పంచిగా నిలబెట్టారు. రాష్ట్రం రెండైన తర్వాతి సంగతి ఇది. బెంగాలీ సర్పంచి ఏందని మొదట నవ్వినవాళ్ళే తర్వాత వెంట తిరిగారు.

ప్రచారానికి నన్నూ తీసుకుపోయాడు, మాట తడబడితే అందించడానికి. వాళ్ళ భాషలో ఓటును భోటు అంటారట. ఒక ఇంటి ముందు దండం పెట్టి, "అమ్మా, నీ భోటు నాకే" అన్నాడు. ఆ ఇల్లాలు చాట ఆపి, "బోటియా? ఆదివారం తెచ్చియ్యిప్పా, వండి పెడతా" అంది. బోటి అంటే మాకు పొట్టేలు పేగుల కూర. వీధంతా నవ్వింది. అయినా ఓటు వేశారు. ఆయన ప్రతి ఇంటి ముందూ తల్లి వేషం మాట చెప్పి, "నేను నీల్లు తెస్తా" అని మాట ఇచ్చాడు. ఆ మాటకు నా ఇంట్లోనూ ఓటు పడింది. సిగ్గుపడాల్సిన పని లేదు, అప్పుడు నేను నమ్మాను.

గెలిచాక మెట్ల మీదికి రావడం తగ్గింది. తెల్లచొక్కా వేశాడు. గులాబీ కాగితాలు మానేశాడు. "ఏమప్పా, రాయడంల్యా?" అంటే, "రాసేది ఏముంది దిదీ, ఇప్పుడు చేసేదే" అనేవాడు. చేశాడా అంటే, కొంత చేశాడు. వీధి దీపాలు పెట్టించాడు, మురుగు కాలువ కట్టించాడు. నీళ్ళ కోసం పెద్దాయన చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగాడు. తిరిగేకొద్దీ అడగడం మెత్తబడింది. అడిగేవాడు కాస్తా దండం పెట్టేవాడయ్యాడు.

మీటింగుల్లో ఉపన్యాసం తెలుగులో రాసిస్తారు, ఆయన చదవలేడు. ముందు నేను చదివి వినిపిస్తే గుర్తుపెట్టుకునేవాడు. వేదిక వెనక బ్యానరు గుడ్డ చాటున నేను కాగితం పట్టుకుని నిలబడేదాన్ని. చెవి ముట్టుకుంటే అందించేదాన్ని. హరితా, ఈ పని కూడా నీకు రావచ్చు. చేయొద్దని చెప్పను. ఒకటి తెలుసుకో. నాటకంలో నటుడు చెప్పేది అబద్ధమని చూసేవాడికి తెలుసు. మీటింగులో తెలియదు. అందించే గొంతు మాత్రం అదే. నేను చాలాకాలం ఈ తేడా పట్టించుకోలేదు. పనిలాగే చేశాను.

ఆ మీటింగు

చివరికి ఇంటింటికీ కొళాయి బిగించారు. కానీ ట్యాంకు నుంచి వచ్చే పెద్ద గొట్టం ఇంకా కలపలేదు. కాంట్రాక్టరు పని వదిలేసి పోయాడు. పెద్దాయన మాత్రం ప్రారంభానికి రోజు పెట్టేశారు. ఆ మీటింగు బాగా జరిగితే నిఖిలప్పకు మండలంలో పెద్ద పదవి ఇస్తామని చెప్పారు. పరాయి ఊరి నుంచి వచ్చి మా మధ్య పెరిగినవాడికి అది చిన్న మాట కాదు. ఆ వారం ఆయన నిద్రలో కూడా నవ్వుతున్నాడని ఆయన భార్య నాతో అంది.

ఆ రోజు ఉదయం ఉపన్యాసం కాగితం వచ్చింది. కారులో చదివి వినిపించాను. మధ్యలో ఇట్లా ఉంది: "ఇంటింటికీ కొళాయి వచ్చింది, నీళ్ళు వచ్చాయి."

"ఆ ముక్క ఇంకోసారి చదుబు దిదీ."

చదివాను. కిటికీలోంచి బయటికి చూశాడు.

"నీళ్ళు రాలేదు గదప్పా" అన్నాను.

"రెండు నెల్లు. రెండు నెల్లలో బస్తాయి. పదబి ఉంటే నేనే తెప్పిస్తా. పదబి లేకపోతే ఎబరు తెస్తారు? నుబ్బు చెప్పు."

ఆయన అన్నది కూడా అబద్ధం కాదు.

వేదిక పక్కన ఒక కొళాయి పెట్టి, వెనక దాచిన ట్యాంకరు నుంచి దానికి గొట్టం తగిలించారు, పెద్దాయన తిప్పడానికి. గొట్టం మీద గోనెసంచి కప్పారు, సగం కనపడుతూనే ఉంది. నిఖిలప్ప నా చెవి దగ్గర, "నాటకంలో మనం ఇంతకంటే బాగా కట్టేబాళ్ళం దిదీ" అన్నాడు. నవ్వబోయి ఇద్దరం ఆగిపోయాం.

ముందు వరుసలో కాలనీ ఆడవాళ్ళను కూర్చోబెట్టారు. ఫొటో కోసం అందరినీ బిందెలు తెమ్మన్నారు. ఖాళీ బిందెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎండ బాగా ఎక్కింది.

నిఖిలప్ప బాగానే మొదలుపెట్టాడు. పెద్దాయనకు దండం చెప్పాడు, దీపాలు చెప్పాడు, కాలువ చెప్పాడు. తర్వాత, "ఇంటింటికీ కొళాయి బచ్చింది" అని ఆగాడు.

చెయ్యి చెవి దాకా లేచింది.

నేను అందించాను. "నీళ్ళు రాలేదు."

"నీల్లు రాలేదు" అన్నాడు ఆయన.

మైకులో పడింది, మూడు వీధులకూ వినపడింది. మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒకరిద్దరు నాటకం మాట చెబుతున్నాడనుకుని చప్పట్లు కొట్టారు. అప్పుడు ముందు వరుసలో ఒకామె లేచి నిలబడింది. "నిజమే అంటాండావు గదప్పా సర్పంచీ! అయితే ఈ బిందెలు ఎందుకు తెమ్మంటిరి?" అంది. దాంతో అందరూ లేచారు. బిందెలు వేదిక అంచున వరుసగా పెట్టారు, దణ్ దణ్ మని. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. పెట్టి, నిలబడ్డారు.

పెద్దాయన కొళాయి తిప్పకుండానే కారెక్కారు. ఎక్కుతూ, "నాటకాలు రాసేటోనికి రాసిచ్చింది చెప్పేది గూడా చేతగాదా?" అన్నారు. నిఖిలప్ప మైకు ముందే నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరిగి బ్యానరు వైపు చూశాడు. గుడ్డ అడ్డం ఉంది కాబట్టి నేను ఆయనకు కనపడలేదు. కనపడకపోవడం మంచిదని అప్పుడు అనుకున్నాను.

తర్వాత

పదవి ఇంకొకరికి పోయింది. సర్పంచి పేరుకు ఆయనే గానీ పనులన్నీ ఉపసర్పంచి చేతిలోకి పోయాయి. ఆ సిగ్గుకో, పంతానికో పెద్దాయన మనుషులు గొట్టం త్వరగా కలిపించారు. రెండు నెలలు కూడా పట్టలేదు. శిలాఫలకం మీద నిఖిలప్ప పేరు లేదు. ఇప్పుడు రోజు మార్చి రోజు నీళ్ళు వస్తాయి. పులివెందుల బాన నా కొళాయి కిందే ఉంటుంది.

నాకు మాత్రం కుదురు లేదు. నలభై ఏళ్ళలో కాగితంలో లేని మాట అందించింది ఆ ఒక్కసారే. కావాలని అన్నానా, ఏళ్ళ అలవాటున నాలుక జారిందా? "కొళాయి బచ్చింది" అని ఆ గొంతు ఆగితే నా నోటికి ఇంకో మాట వస్తుందా? ఒక్కోసారి ఇట్లా అనిపిస్తుంది, ఒక్కోసారి అట్లా. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. వాకిలి ఊడ్చిందే మళ్ళీ ఊడుస్తాను.

ఆయనదీ అదే గోల. మెట్ల మీదికి మళ్ళీ రావడం మొదలుపెట్టాడు. ఒకరోజు, "నేను చెబి ముట్టుకున్నా దిదీ, మాట గుర్తు రాలేదు" అంటాడు. ఇంకో రోజు, "నేను చెమట తుడుచుకున్నా. ఊరికే ఆగినా. అబద్ధం చెప్పకుండా దిగిపోదాం అనుకున్నా, అంతలో నుబ్బు అంటిబి" అంటాడు. నాటకాలు రాసేవాడు, ఏ రోజు ఏది బాగుంటే అది చెబుతాడు. ఎవరో ఫోనులో తీసిన వీడియో ఉంది. అందులో చెయ్యి పైకి లేస్తుంది. చెవి దగ్గరికి వచ్చేసరికి ఎవరిదో జెండా అడ్డం వచ్చింది.

పోయిన వారం గులాబీ కాగితాలతో వచ్చాడు. సర్పంచి గురించి కొత్త నాటకం. చెబుతుంటే రాస్తున్నాను. ఆ మీటింగు రంగం వచ్చింది.

"సర్పంచి ఆగుతాడు" అన్నాడు. "రాసినాబా?"

"రాసినా. చెవి ముట్టుకున్నాడని రాయాల్నా, చెమట తుడుచుకున్నాడని రాయాల్నా?"

"నుబ్బు ఏం చూసినాబో అదే రాయి దిదీ. చూసినదానిబి నుబ్బే."

కలం కింద పెట్టాను. హరితా, నీకు బస్టాండులో చెప్పలేకపోయింది ఇదే. ఈ కాగితంలో పైన "చెయ్యి చెవి దాకా లేచింది" అని రాశాను గదా. అది నేను చూసింది కాదు, వీడియోలో తర్వాత చూసింది.

"నేను నిన్ను చూడల్యాప్పా" అన్నాను.

"అంటే?"

"బ్యానరు సందులోంచి ముందు వరుస కనపడతాండె. ఆ బిందెలనే చూస్తాంటి. నువ్వు ఆగినావు, మాట వచ్చేసింది. నువ్వు చెవి ముట్టుకున్నావా లేదా నాకు తెల్యదు. నిన్ను చూడాల్సినదాన్ని నిన్ను చూడల్యా."

గులాబీ కాగితాలు ఒకదాని మీద ఒకటి సర్దాడు. తర్వాత, "అయితే ఆ మాట నా కోసం అందించింది కాదు" అన్నాడు.

"కాదు. నాకు నీళ్ళు కావాల్సి ఉండె."

ఆయన కాగితాలు ఒళ్ళో పెట్టుకుని వీధికేసి చూస్తూ కూర్చున్నాడు. ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, ఆగాడు. కోపమో, నవ్వో, నాటకంలో తర్వాతి మాటో నాకు తెలియలేదు. జమ్మలమడుగులో అయితే ఈపాటికి మూడుసార్లు అరిచి ఉండేదాన్ని. ఈసారి కాగితం చూడలేదు, వీధి చూడలేదు. ఆయన చేతులకేసే చూశాను. రెండూ మోకాళ్ళ మీద ఉన్నాయి. ఎంతసేపైనా చెవి వైపు లేవలేదు.

నేను నోరు తెరవలేదు.